గడువు పెంచింది చాలు, కార్యదర్శి గారూ!

పారిస్ సైన్స్ అకాడమీ శాశ్వత కార్యదర్శి గారికి,

నమస్కారం. నేనొక తెలుగు లెక్కల టీచర్ని. మీ ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త సోఫీ జెర్మైన్ ఎవరో మీకు చెప్పక్కర్లేదు. 1789లో ఫ్రెంచ్ విప్లవంతో బయట వీధులు అట్టుడుకుతుంటే పదమూడేళ్ల పిల్ల తండ్రి పుస్తకాల గదిలో దూరడం, చదవకుండా ఇంట్లోవాళ్లు రాత్రిపూట కొవ్వొత్తులు, వెచ్చటి బట్టలు లాగేసుకోవడం, సిరా గడ్డకట్టే చలిలోనూ ఆ పిల్ల లెక్కలు చేసుకోవడం అన్నీ మీకు తెలిసినవే. పారిస్ ఇంజినీరింగ్ కాలేజీ ఎకోల్ పాలిటెక్నిక్‌లోకి ఆడపిల్లల్ని రానివ్వకపోతే లబ్లాన్ అనే మగపేరుతో అక్కడి గణిత ప్రొఫెసర్ లగ్రాంజ్‌కి పేపర్ రాసి పంపిన సంగతి కూడా. ఇంట్లోవాళ్లు చివరికి మెత్తబడ్డారు. నా గొడవ మీతోనే.

ఇసుక చల్లిన పలక అంచుని వయొలిన్ కమానుతో రాస్తే ఆ ఇసుక ముగ్గులాగా ఎందుకు సర్దుకుంటుందో లెక్కకట్టి చెప్పమని 1809లో పోటీ పెట్టారు. 1811లో గడువు ముగిసేసరికి వచ్చింది ఒక్కటే పత్రం, ఆవిడది. తప్పులున్నాయన్నారు. ఉన్నాయి, ఒప్పుకుంటాను. కాలేజీ గడప తొక్కనివ్వని మనిషికి దిద్ది చెప్పేవాళ్లెవరండీ? గడువు పెంచారు. 1813లో మళ్లీ ఆవిడొక్కతే రాసింది. ఒక ప్రశంస పడేసి మళ్లీ గడువు! పోటీ ఇంకా నడుస్తుండగానే మీ సభ్యుడు పాయిజాన్ (మా ఇంటర్ పిల్లలు బట్టీపట్టే పాయిజాన్ విభాజనం ఆయనదే) 1814లో అదే విషయం మీద సొంత పత్రం మీ సభలోనే చదివాడు. దానికి ఏ గడువూ అడ్డం రాలేదు. ఆవిడ మూడోసారి రాసింది. 1816 జనవరి 8న బహుమతి ఇచ్చారు, అదీ నసుగుతూనే. తీసుకోవడానికి ఆవిడ రాలేదు. నేనైనా వెళ్లను.

సరే, ఇచ్చారు. మరి సమావేశాలకి రానిచ్చారా? సభ్యుల భార్యలైతే వచ్చి కూర్చోవచ్చట. లెక్క చేసినావిడకి మాత్రం టికెట్ లేదు! మీ కుర్చీలోకి గణిత శాస్త్రవేత్త ఫూరియర్ వచ్చాక గానీ దొరకలేదు. 1831లో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. మరణ పత్రంలో ఆవిడ గణితం ఊసే లేదు, ఆస్తి రాబడి మీద బతికే మనిషని రాశారు. 1889లో ఈఫిల్ టవర్ మీద 72 మంది శాస్త్రవేత్తలు, ఇంజినీర్ల పేర్లు ఎక్కించారు. పాయిజాన్ ఉన్నాడు. ఆవిడ లేదు.

2003 నుంచి ఆవిడ పేరిట గణిత బహుమతి ఇస్తున్నారు, సంతోషం. కానీ ఒక మహిళని పూర్తి సభ్యురాలిగా మీరు తీసుకున్నది 1979లో. అంటే 1816 నుంచి 163 ఏళ్ల పాటు గడువు పెంచుకుంటూ పోయారన్నమాట.

దయచేసి ఆవిడ పేరు మీ సభ్యుల జాబితాలో చేర్చండి. చనిపోయినవాళ్లని చేర్చే రూలు లేదంటారేమో. బతికున్నప్పుడు కూడా రూలు లేదనే కదండీ అన్నారు? చేర్చలేకపోతే ఇంకేదైనా చేయండి, ఏదో ఒకటి. జవాబు ఫ్రెంచ్‌లోనే రాయండి, ఎవరిచేతైనా చదివించుకుంటాను.

ఇట్లు,
ఒక లెక్కల టీచర్