ఉసాగి ఇంటికొచ్చిన ఆ పదహారు పేజీలు నాకు పంపండి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

ఇది నేను మీ కంపెనీకి పంపుతున్న నాలుగో మెయిల్. మొదటి మూడూ మీ కస్టమర్ కేర్ వాళ్ళకి పంపాను, మూడుసార్లూ "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు" అని వచ్చింది. సమస్య మాత్రం నా బల్ల మీదే కూర్చుని ఉంది. అందుకే ఈసారి మొదట్నుంచీ రాస్తున్నాను, పొడుగైతే ఏమీ అనుకోకండి.

దసరా సెలవులకి ముందు మీ సైట్‌లో 'ఉసాగి యోజింబో' కామిక్స్, అంటే ఉసాగి అనే కుందేలు కత్తివీరుడి కథలు, మొదటి ఏడు పుస్తకాలు సెట్‌గా కొన్నాను. 7,840 రూపాయలు. ఆర్డర్ మా అక్క ఫోన్ నంబర్ మీద పెట్టాను, ఎందుకంటే పుస్తకాలు మా మేనల్లుడి కోసం. వాడు ఆరో తరగతి. ఇంగ్లీషు సొంతంగా చదవగలడు, కానీ నేను పక్కన కూర్చుని తెలుగులో చెబితేనే వాడికి సరదా. అందులో గెన్ అని ఒక ఖడ్గమృగం ఉంటాడు, డబ్బు కోసం దొంగల్ని పట్టుకునేవాడు, కడుపు నిండా తినేసి బిల్లు ఉసాగి నెత్తిన పడేసి జారుకుంటాడు. వాడికి నేను గోదావరి యాస పెట్టాను. వాడు "ఆయ్" అనగానే మావాడు పడీపడీ నవ్వుతాడు.

ముందు ఒక మాట. మీ చాట్‌లో ఉన్నాయన దీన్ని "చిన్నపిల్లల కుందేలు బొమ్మల పుస్తకం" అన్నాడు, పైగా దానికి బదులుగా మూడేళ్ళ పిల్లలు రంగులు వేసుకునే కుందేలు పుస్తకం ఒకటి పంపిస్తానన్నాడు. అయ్యా, కుందేలైతే అన్నీ ఒకటే కాదు. స్టాన్ సకాయి అనే ఆయన 1984 నుంచి ఈ కుందేలుని గీస్తున్నాడు. క్యోటోలో పుట్టి హవాయిలో పెరిగిన మనిషి. మొదట మియమోటో ముసాషి అనే నిజమైన సమురాయ్ (జపాన్ కత్తివీరుడు) కథ గీద్దామనుకుని, ఒకరోజు ఊరికే కుందేలు బొమ్మ వేసి, చెవులు రెండూ పైకెత్తి సమురాయ్ జుట్టుముడిలా కట్టేశాడట, అది నచ్చి మనిషిని వదిలేసి కుందేలునే ఉంచేశాడు. కథ జరిగేది 17వ శతాబ్దం మొదట్లో, జపాన్‌లో. అందరూ జంతువులే, కానీ బాధలన్నీ మనుషులవే. అడాచిగహర యుద్ధంలో ఉసాగి ప్రభువు మిఫునే చనిపోతాడు, అప్పట్నుంచి ఇతను యజమాని లేని సమురాయ్, ఊరూరా తిరుగుతుంటాడు. ఎవరైనా చచ్చిపోతే వాళ్ళ నోట్లోంచి చిన్న పుర్రె బొమ్మ ఉన్న బుడగ వస్తుంది. మావాడు పేజీకెన్ని పుర్రెలో లెక్కపెడతాడు, వాళ్ళమ్మ నన్ను తిడుతుంది.

ఇంత తిరిగేవాడు సొంత ఊరికి ఎప్పుడు వెళ్తాడు అన్నదే మాకు టెన్షన్. మొదటి పుస్తకంలో ఒకసారి వెళ్తాడు. వెళ్ళేసరికి చిన్నప్పట్నుంచీ ఇష్టపడిన మారికోకి పెళ్ళైపోయి ఉంటుంది, అదీ ఎప్పుడూ తనతో పడని కెనిచితో. కెనిచి ఇప్పుడు ఊరిపెద్ద. వాళ్ళకి జొటారో అని ఒక పిల్లాడు. పరాయి ఊళ్ళలో అందరినీ కాపాడిన మనిషికి సొంత ఊళ్ళో నిలబడే చోటు లేక మళ్ళీ రోడ్డెక్కుతాడు. ఆ రాత్రి మావాడు దుప్పటి కప్పుకుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మళ్ళీ వెళ్తాడు కదా మావయ్యా?" అన్నాడు. వెళ్తాడురా అన్నాను. ఆరో పుస్తకం చివర్లో వెళ్తాడని నాకు ఎవరో చెప్పి ఉన్నారు, ఈసారి ఏకంగా అక్కడే ఉండిపోదామని వెళ్తాడని.

ఆరో పుస్తకానికి వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. చివరి కథ మొదలైంది. ఊరు చేరాడు. మావాడు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇంక అసలు మాటలు వస్తాయనగా పేజీ తిప్పితే, అంతకుముందు చదివేసిన పేజీలే మళ్ళీ మొదలయ్యాయి! పొరపాటున వెనక్కి తిప్పానేమో అనుకున్నాను. కాదు. సరిగ్గా పదహారు పేజీలు రెండోసారి ఉన్నాయి, ఉండాల్సిన పదహారు లేవు. అవి దాటాక చూస్తే ఉసాగి ఒక్కడే దారి పట్టి పోతున్నాడు. మావాడు అడిగాడు, "ఇదేంటి మావయ్యా, వచ్చాడు, వెళ్ళిపోతున్నాడు, మధ్యలో అన్నం కూడా తినలేదా?"

మా నాన్న విజయవాడలో పాతికేళ్ళు బైండింగ్ పని చేశారు, కాబట్టి ఇది ఏమిటో నాకు తెలుసు. పుస్తకం ఒక్కో పేజీగా అచ్చవ్వదు, పెద్ద షీటు మీద అచ్చేసి మడతపెడితే పదహారు పేజీల ఫారం అవుతుంది, ఫారాలన్నీ వరసలో పేర్చి కుడతారు. పేర్చేటప్పుడు ఒక ఫారం బదులు ఇంకోటి రెండోసారి పడితే ఇలా అవుతుంది. మా నాన్న చేతుల్లోనూ పడే ఉంటుంది. దానికి నేను ఎవర్నీ ఏమీ అనను. మీరిచ్చిన జవాబులకే నాకు కోపం.

మొదటి మెయిల్‌కి జవాబు: రిటర్న్ గడువు ఏడు రోజులు, దాటిపోయింది. అంటే పార్సిల్ రాగానే ఏడు పుస్తకాల్లో పేజీలన్నీ లెక్కపెట్టుకుని, ఆ తర్వాత తీరిగ్గా కథ చదువుకోవాలన్నమాట. రెండో మెయిల్‌కి జవాబు: "లేని పేజీల ఫొటోలు స్పష్టంగా తీసి అప్‌లోడ్ చేయండి." నేను ఈ వాక్యం మా ఆఫీసులో ఆరుగురికి చూపించాను. లేని పేజీని ఎలా ఫొటో తియ్యాలో ఎవరికీ తెలియలేదు. రెండుసార్లు పడిన పేజీల ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపాను, "పేజీలు ఉన్నట్టు కనబడుతున్నాయి" అని టికెట్ మూసేశారు.

మూడోది మరీ ఘోరం. ఫోన్ చేసి మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నా ఫిర్యాదు లేదు, దయచేసి ఆమె జీతం కోయకండి. కానీ పుస్తకం మార్చే అధికారం తనకి లేదు కాబట్టి సాయం చేద్దామని, నెట్‌లో వెతికి, ఆ పేజీల్లో ఏముందో నాకు చదివి వినిపించేసింది! "సర్, ఆ జొటారో ఉసాగి కొడుకే అని మారికో చెబుతుంది సర్, అయినా ఇతను వెళ్ళిపోతాడు సర్, ఇంకేమైనా సహాయం కావాలా సర్?" నేను బస్సులో నిలబడి ఉన్నాను. మొదటి పుస్తకం నుంచీ మేం ఎదురుచూసింది ఇలా వినడానికా? అది మారికో మొహం చూస్తూ తెలుసుకోవాల్సిన మాట. తర్వాత క్షమాపణగా 50 రూపాయల కూపన్ వచ్చింది, 999 పైన కొంటేనే పనిచేస్తుంది.

నాకు కావాల్సింది ఇది. మంచి కాపీ ఒకటి, ఆరో పుస్తకం ఒక్కటే చాలు, సెట్ మొత్తం వెనక్కి పంపను, గెన్‌ని వదులుకోమంటే ఇంట్లో యుద్ధమే. పాడైన కాపీ కొరియర్ అబ్బాయికి ఇచ్చేస్తాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి, అది మీకు తెలిసే ఉంటుంది. తేల్చకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. ఐదు లక్షల లోపు కొన్నదానికి అక్కడ ఫీజు కూడా లేదు.

చివరగా ఒక విన్నపం, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆర్డర్‌లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే సాయంత్రం పూట ఎత్తేది మా మేనల్లుడే. పార్సిల్ ఎప్పుడొస్తుందో చెప్పండి, అంతవరకే. వాడు అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు, అయినా సరే ఆ పేజీల్లో ఏముందో మీవాళ్ళెవరూ వాడికి చెప్పకూడదు.

ఇట్లు,
మీ కస్టమర్ (ఆర్డర్ వివరాలు పాత మూడు మెయిల్స్‌లో ఉన్నాయి)