మాత్రలు ఇచ్చారు, చేతులు కూడా నిలబెట్టండి

తెలంగాణ ఆరోగ్యశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను నల్గొండ జిల్లాలో బట్టలు కుట్టి బతికే మనిషిని. పదకొండేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో ఉన్నాను. మా ఊళ్లో కీళ్లవాతం అని, పెద్దవయసు మోకాళ్ల నొప్పులతో కలిపేస్తారు. ఇది అరుగుదల కాదండీ. ఒంటికి కాపలా ఉండాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల మీద పడి వాపు తెస్తుంది. నాకు 34 ఏళ్లకే మొదలైంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువగా వస్తుంది.

వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర నన్ను మంచం మీద నుంచి లేపింది. రాసిచ్చిన డాక్టరు గారి మేలు మరచిపోను. అయినా పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు. వేడినీళ్లలో అరగంట ముంచితే తప్ప జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. కుక్కర్ మూత మా పాప స్కూలుకు పోయేలోపే తీయించుకునేదాన్ని.

జబ్బు వచ్చిన ఆరేళ్లకు హైదరాబాద్‌లో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి, అంటే రోజువారీ పనులు కీళ్లకు భారం కాకుండా చేసుకోవడం నేర్పే ఆమె దగ్గరికి పంపారు. ఆమె నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ చూసింది. సంచి వేళ్లకు తగిలించుకోవద్దు, ముంజేతికి వేసుకోమంది. చెంబు రెండు అరచేతులతో ఎత్తమంది. గరిటె పిడికి పాత గుడ్డ చుట్టి లావు చేసి చూపించింది. రాత్రిళ్లు కట్టుకోవడానికి స్ప్లింట్, అంటే చెయ్యి ఒరగకుండా పట్టి ఉంచే పట్టీ ఇచ్చింది. దానంతటదే తెరుచుకునే స్ప్రింగ్ కత్తెర వాడమంది. అంతా కలిపి గంట పట్టింది. అప్పటికే నా వేళ్లు చిటికెనవేలి వైపు ఒరిగిపోయాయి. ఆ గంట మొదటి ఏడాదే దొరికి ఉంటే ఈ కుట్టుమిషన్ మీద ఇంకో పదేళ్లు బతుకుదునేమో.

మా వీధిలో ఒక కుర్రాడిది వెన్నుపూస బిగుసుకుపోయే ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్. రెస్ట్ తీసుకోమని ఎవరో చెబితే నెలల తరబడి పడుకున్నాడు. ఆ జబ్బు పడుకుంటే బిగుస్తుంది, వ్యాయామం చేస్తే సడలుతుంది. ఆ మాట చెప్పే మనిషి అతనికి దగ్గర్లో దొరకలేదు.

నేను అడిగేది పెద్ద భవనం కాదు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఒక ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను పెట్టండి, కీళ్లవాతం వాళ్లకోసం వారంలో ఒక రోజు కేటాయించండి. మొదటి చీటీ మీదే మాత్రలతో పాటు ఆమె పేరూ రాయమనండి. ఆడవాళ్లకు బస్సు టికెట్ లేదు, సంతోషం. కానీ నొప్పి ముదిరిన రోజు బస్సు కమ్మీ పట్టుకుని మెట్టెక్కడమే మాకు గండం.

ఇంకో సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో మా జబ్బు పేరు లేదు. వైకల్య సర్టిఫికెట్ కోసం పరీక్షించే సదరం శిబిరంలో మధ్యాహ్నం పన్నెండింటికి చెయ్యి చాపమంటే చాపాను. అప్పటికి వేళ్లు కాస్త సడలి ఉంటాయి. వైకల్యం పర్సంటేజీ, కావాల్సిన 40కి రాలేదు. పొద్దున ఆరింటికి ఈ చెయ్యి ఏం చేయగలదో అడిగి రాసుకోవడానికి ఆ ఫారంలో ఒక గడి పెట్టించండి సార్.

ఇట్లు,
నల్గొండ జిల్లా నుంచి ఒక దర్జీ