మూడేళ్ల పిల్లలకు ఊళ్లోనే బడి కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

రాజాం చుట్టుపక్కల పల్లెల్లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు ఖాళీ అవుతున్నాయంటే తల్లిదండ్రుల ఇంగ్లీషు మోజే కారణమని తరచూ వింటున్నాం. ప్రభుత్వ బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చి కొన్నేళ్లయింది కనుక ఆ మాట ఇక నిలవదు. మా ఊళ్లో చూసినంతలో అసలు తేడా చేర్చుకునే వయసు దగ్గరే వస్తోంది. కాన్వెంటు మూడేళ్లకే నర్సరీలో చేర్చుకుంటుంది. ప్రభుత్వ బడిలో మాత్రం ఒకటో తరగతి దాకా ఆగాలి. ఈలోగా ఉన్నది అంగన్‌వాడీ ఒక్కటే. గర్భిణులకు, బాలింతలకు పౌష్టికాహారం ఇవ్వడం, పిల్లల బరువు తూచడం, ఆ వివరాలన్నీ ఫోనులో ఎక్కించడం పూర్తయ్యేసరికి అక్షరాలు దిద్దించడానికి అక్కడి కార్యకర్తకు ఎంత సమయం మిగులుతుంది? అందుకే అప్పు చేసైనా పిల్లల్ని పట్టణం వ్యాను ఎక్కిస్తున్నారు. అక్కడి టీచర్లకు, తోటి పిల్లలకు అలవాటుపడ్డవారిని ఒకటో తరగతికి తిరిగి ఊరి బడికి తెచ్చేవారు అరుదు. ఆ తల్లిదండ్రులను నేను తప్పుపట్టలేను.

పిల్లలు తగ్గితే ఉపాధ్యాయ పోస్టు తగ్గుతుంది, పోస్టు తగ్గితే ఉన్న పిల్లలూ వెళ్లిపోతారు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతుల్లో అరవై మంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అయినా మా బడిలో అన్ని తరగతులకూ మాస్టారు ఒక్కరే. ఆయన మండల కేంద్రంలో శిక్షణకో, ఎన్నికల విధులకో వెళ్లిన రోజున చదువు ఆగిపోతుంది; పక్క ఊరి నుంచి ఎవరినైనా పంపితే అక్కడ ఆగుతుంది.

చివరకు ఆ బడిలో మిగులుతున్నది ఎవరి పిల్లలో చూడాలి. విజయవాడకో, హైదరాబాదుకో, చెన్నైకో కూలికి వలసపోయిన తల్లిదండ్రులు తాతల దగ్గర, అమ్మమ్మల దగ్గర వదిలివెళ్లిన పిల్లలు, వ్యాను ఫీజు కట్టలేని ఉపాధి హామీ కూలీల పిల్లలు వారు. రాష్ట్ర ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద 2025లో ఒక్కో విద్యార్థికి తల్లుల ఖాతాల్లో పడిన 13,000 రూపాయలు ప్రభుత్వ బడుల పిల్లలకూ, ప్రైవేటు బడుల పిల్లలకూ వర్తించాయి. అది మంచిదే. కానీ ఆ సొమ్ము ఊరి బడికి రెండో మాస్టారిని తేలేదు. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు కేటాయించిన 25 శాతం సీట్లలో ఒకటి దక్కినా, ఆరేళ్ల పిల్లను రోజూ పట్టణానికి పంపి, సాయంత్రం రోడ్డు మీద ఎదురుచూసి ఇంటికి తెచ్చుకునే ఓపిక ముసలివాళ్లకు ఎక్కడిది?

కాబట్టి అధికారులకు నా విన్నపం ఇది. వీలున్న ప్రతి చోటా అంగన్‌వాడీని బడి ఆవరణలోకి తెచ్చి, మూడేళ్లు నిండిన పిల్లలకు చదువు చెప్పడమే పనిగా ఒక శిక్షకురాలిని నియమించాలి. పిల్లలు ఎంత తక్కువగా ఉన్నా రెండో ఉపాధ్యాయుడి పోస్టు తీసేయకూడదు. కనీసం మూడేళ్లపాటు అలా ఉంచి, ఆ తర్వాతే హాజరును లెక్కలోకి తీసుకోవాలి. చేరికలు జూన్‌లో మొదలైనా కాన్వెంటుల వాళ్లు వేసవిలోనే ఇంటింటికీ తిరుగుతారు కనుక, మండల విద్యాశాఖాధికారి, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ సూపర్‌వైజరు ఏప్రిల్‌లోనే విద్యా కమిటీలతో ఊరూరా సమావేశమై, ఏ బడిలో ఎవరు బోధిస్తారో తల్లులకు ముందే చెప్పాలి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
రాజాం మండలం, విజయనగరం జిల్లా