2050 సైకిల్ పోటీలకు ఇప్పుడే నిబంధనలు రాసేయండి సార్

విజయనగరం జిల్లా క్రీడాధికారి గారికి నమస్కారాలు.

2050 నాటికి గంటస్తంభం దగ్గర మొదలయ్యే పోటీలో తొక్కేది సైకిలే, మనిషి ఊరికే కూర్చుంటాడు. నవ్వకండి. 2016లోనే బెల్జియంలోని జోల్డర్‌లో, ప్రపంచ సైక్లోక్రాస్ (బురద, గడ్డి దారుల్లో తొక్కే) పోటీల్లో, ఒక సైకిల్ సీటు గొట్టంలో మోటారు దొరికింది. ఆ క్రీడాకారిణికి ఆరేళ్ల నిషేధం పడింది.

ఇలాంటి మోటారు సన్నటి గొట్టంలా ఉంటుంది. కొసనున్న పళ్లచక్రం పెడళ్ల ఇరుసును తిప్పుతుంది. పట్టుకోవడానికి లక్షలు అక్కర్లేదు. వెనక చక్రం ఎత్తి, హ్యాండిల్ టేపు కింద తడమండి. మీట తగిలితే నొక్కండి. పెడళ్లు వాటంతటవే తిరిగాయా, సంగతి తేలిపోయినట్టే. అనుమానం తీరకపోతే అలెన్ కీతో బోల్టు వదులుచేసి, సీటు పోస్టు (సీటును మోసే కడ్డీ) పైకి లాగి టార్చి వేయండి. (ముందే పోస్టు ఎత్తుకు టేపుతో గుర్తు పెట్టాలి, లేదంటే కుర్రాళ్లు గొడవకొస్తారు.) నీళ్ల సీసాలో బ్యాటరీ దాచొచ్చు. ఊపి చూస్తే తేలదు, నిండుకుండ తొణకదు కదా; మూత తీయించండి.

మోటారు వేడిని పట్టే థర్మల్ కెమెరా కొనమంటారు కొందరు. మన మే నెల ఎండలో నల్ల కార్బన్ ఫ్రేమంతా మోటారులాగే కాలుతుంది. తెల్లవారుజామున అయితే సరే.

ఇక రైడర్ ముందు ఎగురుతూ గాలిని చీల్చే డ్రోన్లంటారా, వాటి రెక్కల గాలి అతని మొహానే కొడుతుంది. నిషేధం దండగ. గాలి తామే నింపుకునే టైర్లూ రావచ్చు, తుమ్మముల్లు మాత్రం ఎక్కడికీ పోదు.

అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య లెక్కన సైకిల్ కనీస బరువు 6.8 కిలోలు. ముందు ఒక తూకం మంజూరు చేయండి.

— సైకిల్ పోటీల వాలంటీర్లు, విజయనగరం