26 మరలని ముందే చెప్పాను

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: సరిపోతుందని చెప్పి పంపిన బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల క్రాంకులు తిరిగే ఇరుసు భాగం) వల్ల పాత సైకిల్ ఫ్రేములో మరలు (దాన్ని బిగించే స్క్రూ గాడులు) దెబ్బతిన్న విషయం

అయ్యా,

పోయిన నెల మీ దగ్గర 1,450 రూపాయలకు సీల్డ్ బాటమ్ బ్రాకెట్ ఒకటి తెప్పించుకున్నాను. కొరియర్ ఖర్చు 90 రూపాయలు వేరే. అది నా సైకిల్‌కి పట్టలేదు. పట్టకపోగా ఫ్రేములో మరలు చెడగొట్టింది. వాపసు అడిగితే "ప్యాకెట్ తెరిచారు, బిగించి చూశారు, కాబట్టి తీసుకోం" అని మీవాళ్లు మూడుసార్లూ ఒకే జవాబు పంపారు. నేను రాసింది ఎవరూ చదివినట్టు లేదు. అందుకే జరిగిందంతా వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

ఆ సైకిల్ మా తాతగారిది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో తయారైన ర్యాలీ కంపెనీది. వెనక చక్రానికి స్టర్మీ ఆర్చర్ మూడు గేర్ల హబ్ ఉంది, దాని మీద ఏడబ్ల్యూ అని రకం పేరు, పక్కన 54 అని కొట్టి ఉంది. అంటే ఆ హబ్ 1954లో తయారైంది. తాతగారు గూడూరులో బడిపంతులు. రిటైరయ్యేదాకా దీని మీదే బడికి వెళ్లారు. ఆయన పోయాక చాలా ఏళ్లు పంచలో గోడకి ఆనించే ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు రైల్లో పార్సిల్ వేసి పెరంబూరు తెచ్చుకున్నాను. బొమ్మలా ఇంట్లో నిలబెట్టడానికి కాదు, రోజూ తొక్కడానికి.

రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, తోలు సీటు అలాగే ఉంచేద్దామనుకున్నాను. మార్చాలనుకున్నది ఒక్కటే: మేకుల్లాంటి కాటర్ పిన్నులతో ఇరుసుకి బిగించే పాత క్రాంకు తీసేసి, చదరపు యాక్సిల్ ఉన్న కొత్త రకం పెట్టడం. బాల్కనీలో పాత పేపర్లు పరిచి నేనే విప్పాను. కాటర్ పిన్నులకు రెండు రోజులు నూనె పట్టించాను. మర చెడకుండా నట్టును పిన్ను కొసకి సమంగా ఉంచి, క్రాంకు కింద ఇనుప పైపు ముక్క ఆనించి, ఒక్కో దెబ్బతో దించాను. ఇరుసు గోళీలను రెండు వైపులా పట్టి ఉంచే మరల గిన్నెలను కప్పులంటారు. చైన్ వైపు కప్పుది ఎడమ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. అది తెలియక రెండోవైపు బలం పెట్టి కప్పును ఇంకా బిగించేసేవాళ్లను చూశాను. నేను గీత పడకుండా తీశాను. లోపల గ్రీజు నల్ల మైనంలా గట్టిపడింది. ఒక్కో వైపు 11 చొప్పున 22 గోళీలు. వాటిని తుడిచి చూస్తే యాక్సిల్ మీద గోళీలు తిరిగే చోట వేలికి తగిలేంత గుంటలు. ఇక అది పనికిరాదు.

కొనేముందు తెలిసిన లేత్ షాపు ఆయన దగ్గర మరలు కొలిచే గేజి తెచ్చి పాత కప్పుకి పెట్టి చూశాను. అంగుళానికి 26 మరలు. మామూలు ఇంగ్లీష్ కొలత 24. ఆ రోజుల్లో నాటింగ్‌హామ్‌లో ర్యాలీవాళ్లు తమ సొంత మర కోసేవారు. వ్యాసం దాదాపు ఒకటే కాబట్టి చూపుకి తేడా తెలియదు. ఫ్రేములో బాటమ్ బ్రాకెట్ కూర్చునే గొట్టం వెడల్పు 71 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ ఫోటోతో సహా మీ చాట్‌లో పెట్టి "ఇది పడుతుందా?" అని అడిగాను. "పడుతుంది సార్, పాత ఇంగ్లీష్ సైకిళ్లన్నిటికీ ఇదే" అని జవాబొచ్చింది. మీ సైటులోనూ అదే మాట ఉంది. మర సంఖ్య మాత్రం ఎక్కడా లేదు, పెట్టె మీద కూడా లేదు.

మీ మాట నమ్మి, గేజి తిరిగిచ్చేశాను. కొత్త కప్పు చేత్తో మూడు చుట్లు మెత్తగా తిరిగింది. నాలుగో చుట్టుకి బిగిసింది. పాత పెయింటు అడ్డమొస్తోందేమో అనుకుని పానాతో పావు చుట్టు తిప్పాను. కిర్రుమంది. వెంటనే ఆపి వెనక్కి తీశాను. కొత్త కప్పు మరలో వెంట్రుకంత సన్నని ఇనుప పొట్టు చుట్టుకుని మెరుస్తోంది. అది మీ కప్పుది కాదు, మా తాతగారి ఫ్రేముది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఆ లేత్ షాపుకే తీసుకెళ్లాను. ఆయన కొలిచి చూపించారు: మీరు పంపింది 24 మరలది, 68 మిల్లీమీటర్ల గొట్టానికి చేసింది. అంటే రెండు కొలతలూ తప్పే. 24 ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) తిరగకోస్తే పాత కప్పులు ఇక ఎప్పటికీ పట్టవు. అందుకని పాత కప్పుకి గాడులు కోసి, దాన్నే ట్యాపులా నెమ్మదిగా తిప్పుతూ నలిగిన మరలు సరిచేశారు. 600 రూపాయలు తీసుకున్నారు. లోపలి మరలు బాగానే ఉన్నాయి కాబట్టి ఫ్రేము దక్కింది. ఇంకో చుట్టు తిప్పి ఉంటే దక్కేది కాదు.

నాకు రావలసింది 1,450, 90, 600 కలిపి 2,140 రూపాయలు. దానికన్నా ముఖ్యం, మీ సైటులో "పాత ఇంగ్లీష్ సైకిళ్లన్నిటికీ" అనే మాట ఈ వారంలో తీసేయండి. మర సంఖ్య, గొట్టం వెడల్పు అంకెల్లో రాయండి. ఇలాంటి ఫ్రేము పాడైతే కొత్తది ఎక్కడా దొరకదు. నాలాగే ఇంట్లో తాతల సైకిళ్లు బాగుచేసుకునేవాళ్లు ఆ మాట నమ్మే కొంటారు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును అమ్మినవాళ్లు వాపసు తీసుకోనని అనకూడదు. నేను మొదటిసారి రాసి 19 రోజులైంది. నెల దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ఆపైన చెన్నై జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. అంతదాకా రాకూడదనే నా కోరిక.

చాట్ కాపీ, బిల్లు, ఫోటోలు జతచేశాను. వస్తువు పెట్టెతో సహా భద్రంగా ఉంది, కొరియర్ అబ్బాయిని పంపితే ఇచ్చేస్తాను. ఆ ఇనుప పొట్టు కూడా చిన్న కవరులో వేసి అందులోనే పెడతాను. మీ చాట్‌లో జవాబులు రాసేవాళ్లకి చూపించండి.

ఇట్లు,
మీ వినియోగదారుడు
పెరంబూరు, చెన్నై