మా కోడలిని చేపల దిక్కు రానియ్యి బావా

బావా,

ఎట్లున్నవ్ రా, చెల్లె పాణం ఇప్పుడు మంచిగున్నదా? మామునూర్ల వెటర్నరీ చదువుతున్న మా కోడలు చేపల దిక్కు పోతా అంటుందని, బర్లు కుక్కలు ఉండంగ చేపలెందుకని రాసినవ్ గదా, దానికే జవాబు రాస్తున్న.

పోయిన్నెల పరకాల దిక్కు ఒక ఊరి నుంచి పొద్దుగాల నాలుగున్నరకే ఫోన్. చెరువుల చేపలన్నీ మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయట, ఎవడో మందు కలిపిండని అప్పటికే రెండు వర్గాలు కట్టెలు పట్టుకున్నయి. నేను పోయేసరికి పెద్ద పెద్ద బొచ్చెలు తేలినయి, చిన్న పరకలు మాత్రం ఒడ్డుపొంటి ఉరుకుతనే ఉన్నయి, కొర్రమీనుకైతే ఏంగాలే. మందే అయితే చిన్నయి ముందు పోవాలె గదా! కొర్రమీను బయటి గాలి కూడా పీలుస్తది, అందుకే బతికింది. మీటర్ పెట్టి చూస్తే లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ కూడ లేదు, ఐదు దాకా ఉంటే మంచిది. మూడొద్దులు ముసురు, అంతకుముందు కోళ్ల ఎరువు బాగ పోసిర్రు, నీళ్లు చిక్కటి పచ్చగున్నయి, ఆ పచ్చటి నాచే రాత్రిపూట నీళ్లల్ల ఆక్సిజన్ అంత గుంజేసింది. మోటర్లు పెట్టి చెరువు నీళ్లనే ఎగజిమ్మించినం, ఎరువు, మేత బంద్ చేయించిన. ఎండెక్కినంక మిగిలినయి అడుక్కు దిగినయి బావా, కట్టెలు పట్టుకున్నోళ్లే మోటర్లు మోసిర్రు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

బర్రెకైతే జ్వరం చూస్తం, చేపకు ముందు నీళ్లనే చూడాలె. చచ్చి గంటలైన చేపను సంచిల తెస్తరు, అది కుళ్లి ఏం చెప్పదు, కొనపాణంతో ఉన్నది చెరువు నీళ్లతోనే తెమ్మని ఎన్నిసార్లు చెప్పిన్నో. చలికాలం కొర్రమీనుకు ఎర్రటి పుండ్లొస్తయి గదా, దానికి మూలం అఫనోమైసిస్ ఇన్వాడాన్స్, బూజు లాంటిది, యాంటీబయాటిక్‌తో చావదు. అయినా షాపుల ఇచ్చిన యాంటీబయాటిక్ డబ్బాలు గుమ్మరిస్తరు, పైసలు పాయె, పుండు పోకపాయె. మన రాష్ట్ర చేప అని పేరు పెట్టుకున్నం, దాన్ని గిట్ల చూస్తే మనసు ఊకుంటదా?

చెరువులల్ల చేపపిల్లలు వదులుడు పెరిగింది, రోగం చూసేటోళ్లు గంతగనం పెరగలే. కోడలికి గిదే చెప్పు. జీతం సంగతి ఫోన్ల మాట్లాడుకుందాం, అది వేరే ముచ్చట.

వచ్చే ఆదివారం పరకాల చెరువుకే మళ్లా పోతున్న, నీళ్లు ఎట్ల తిరిగినయో చూడాలె. రమ్మను, కానీ తెల్లారకముందే ఒడ్డు మీద ఉండాలె, ఎండెక్కితే మీటర్ అంత మంచిగున్నట్టే చూపిస్తది.

నీ బావ