నీ వాటర్లూ మ్యాపుకి పేర్లు పెట్టే ముందు

ప్రియమైన శ్రీనూ,

బోర్డు యుద్ధ ఆటల్ని కంప్యూటర్లో ఆడుకునే వాసల్ సాఫ్ట్‌వేర్ కోసం నువ్వు చేసి పంపిన వాటర్లూ మాడ్యూల్, అంటే ఆట ఫైలు, తెరిచి చూశాను. మ్యాపు ఎంత అందంగా వచ్చిందిరా! దళాల బిళ్ళలు, అదే కౌంటర్ల రంగులు కూడా కంటికి హాయిగా ఉన్నాయి. ఒక్క విషయం గురించే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఒక ఫ్రెంచి బ్రిగేడ్‌ని జరిపి చూస్తే చాట్ విండోలో "0914 నుంచి 1013కి" అని గడి నంబర్లు మాత్రమే వచ్చాయి. ఆ బ్రిగేడ్ వెళ్ళింది ఊగుమాన్ తోటలోకి! 1815 జూన్ 18న వాటర్లూ యుద్ధంలో మధ్యాహ్నానికి కాస్త ముందు నుంచి చీకటి పడేదాకా జనం చచ్చిన చోటది. ఆ పేరు అక్కడ కనపడాలి.

మనం ఈమెయిల్లో ఆడేవాళ్ళం కదా. నీ ఎత్తు నేను చూసేది, ఎత్తులన్నీ నమోదయ్యే లాగ్ ఫైల్లోనే. అందుకే స్థలాల పేర్లని అలంకారంగా చూడకు. ఎదుటివాడికి ఆట అర్థమయ్యేది వాటితోనే.

ముందు గ్రిడ్, అంటే మ్యాపు మీది గళ్ళ అల్లిక, సరిచూడు. కాగితం మ్యాపుని స్కాన్ చేసినప్పుడు ఎక్కడో ఒక చోట సాగుతుంది. హెక్స్ (ఆరు పక్కల గడి) వెడల్పులో అర పిక్సెల్ తేడా ఉంటే మొదటి వరసలో కనపడదు, ముప్పయ్యో వరసకి వచ్చేసరికి పదిహేను పిక్సెళ్ళు పక్కకి జరిగిపోతుంది. ఎడమ పై మూల కుదిరిందని ఆగిపోకు. గ్రిడ్ గీతలు కనపడేలా పెట్టి కుడి కింద మూల చూడు. హెక్స్ ఎత్తు, వెడల్పు రాసే చోట వాసల్ దశాంశాలు కూడా తీసుకుంటుంది, 64.5 లాగా.

తర్వాత నంబర్లు. మ్యాపు మీద అచ్చయిన అంకె, సాఫ్ట్‌వేర్ చెప్పే అంకె అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. ఒక నిలువు వరస సరిగ్గా ఉండి పక్క వరస ఒక అంకె తేడాగా వస్తోందంటే, బేసి వరసల నంబరు పెంచాలా అని అడిగే టిక్కు తప్పుగా ఉన్నట్టు. హెక్స్‌ల వరసలు ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి కాబట్టే ఆ టిక్కు. మ్యాపు అంచులో సగం హెక్స్‌లుంటే మొదలయ్యే అంకె కూడా చూసుకో. అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ అనే ఆట బోర్డుల్లో Z అయ్యాక AA, BB అని వస్తాయి కదా, నంబర్లకి బదులు అక్షరాలు ఎంచుకుంటే వాసల్ కూడా అలాగే పిలుస్తుంది. అచ్చులో అంకెలు ఉండనే ఉన్నాయి కాబట్టి నంబర్లు గీయమనే టిక్కు తీసెయ్. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఏదీ చదవలేం.

ఇక అసలు సంగతి. బోర్డుని పేరున్న ముక్కలుగా (జోన్‌లుగా) విడగొట్టే మల్టీ జోన్ గ్రిడ్ పెట్టి, అందులో ఊగుమాన్, లా హే సాంత్, పాపెలాట్, ప్లాన్సెన్వా ఒక్కోదానికి ఒక జోన్ గియ్యి. జోన్‌లో బోర్డు గ్రిడ్‌నే వాడమను. స్థలం ఫార్మాట్‌లో జోన్ పేరు, దాని పక్కన గ్రిడ్ అంకె వచ్చేలా రెండు వేరియబుల్స్ (అసలు పేరు, అంకె తామే వచ్చి పడే గుర్తులు) పెట్టు. అప్పుడు "ఊగుమాన్ 1013" అని వస్తుంది, పేరూ ఉంటుంది, కచ్చితమైన చోటూ ఉంటుంది. ఒక జోన్ ఇంకో జోన్ మీద పడనివ్వకు.

దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. ప్రతి కౌంటర్‌కీ తను ఏ జోన్‌లో ఉందో తెలుస్తుంది. లా హే సాంత్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకి పాయింట్లన్న నీ రూలు ఉంది చూడు, దాన్ని ఆ జోన్ పేరు మీదే రాసుకోవచ్చు. అందుకే పేర్లు ముందే ఖాయం చెయ్యాలి. షరతులు రాశాక ఒక్క అక్షరం మార్చినా అవి ఆ జోన్‌ని గుర్తుపట్టవు, ఎర్రర్ కూడా రాకపోవచ్చు.

టర్నుల పట్టీకి మాత్రం హెక్స్‌లు వద్దు. దాన్ని విడి జోన్ చేసి, పాయింట్లు మనమే కావలసిన చోట పెట్టుకునే ఇర్రెగ్యులర్ గ్రిడ్ పెట్టు, ఒక్కో గడికి గంట పేరు ఇవ్వు. సేనాని బ్యూలో నడిపిన ప్రష్యన్ దళం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో అడవిలోంచి బయటపడి ప్లాన్సెన్వా వైపు వచ్చింది కదా, ఆ కౌంటర్ "సా. 4:30" గడిలో కూర్చుని ఉంటే చూడగానే గుండె దడదడలాడాలి.

ఆ గ్రిడ్‌తో ఒక చిక్కుంది, నీ తర్వాతి మాడ్యూల్ డిప్లొమసీ అనే బోర్డు ఆటకి అన్నావు కాబట్టి చెబుతున్నా. అది కౌంటర్‌ని దగ్గర్లో ఉన్న పాయింటుకి లాక్కుంటుంది, సరిహద్దు గీతలు దానికి తెలియవు. ఆ ఆట మ్యాపులో సెయింట్ పీటర్స్‌బర్గ్ చూడు, పైన బారెంట్స్ సముద్రం నుంచి కింద లివోనియా దాకా సాగిన ప్రాంతం. మధ్యలో ఒక్క పాయింటే పెడితే, ఉత్తర తీరంలో పెట్టిన నౌకాదళాన్ని నార్వే అనో ఫిన్లాండ్ అనో చెప్పే ప్రమాదం ఉంది. ఎలాగూ రూల్స్‌లో దానికి ఉత్తర తీరం, దక్షిణ తీరం వేరు. రెంటికీ రెండు పాయింట్లు, సైన్యానికి ఇంకోటి పెట్టు. లేదా జోన్‌లే గియ్యి, సరిహద్దు వెంట గీసుకుంటూ పోవచ్చు, ఓపిక కావాలంతే.

ఆఖర్న మ్యాప్ విండోలో కదలిక రిపోర్టు ఫార్మాట్ చూడు. కౌంటర్ పేరు, పాత చోటు, కొత్త చోటు మూడూ రావాలి. ఇవన్నీ సరిచేసి కొత్త వెర్షన్ నంబరుతో పంపు, పాత ఫైలు చెరపకు. ఈసారి ఫ్రెంచి వైపు నాకే ఇవ్వాలి, మొదటి ఎత్తు ఊగుమాన్ మీదకే.

నీ
రఘు